మెడ తిరిగినంత మేర

ఆయన పోయిన రోజు నాకు ఒంటి మీద గీత కూడా పడలేదు.

సాయంత్రం ఆరు దాటింది, ఇంకా వెలుతురుంది. రొట్టెల వ్యాను వెనక నుంచి గుద్దితే మా కారు దూసుకెళ్ళి దీపస్తంభాన్ని కొట్టుకుంది. కొట్టుకున్నది ఆయన వైపు. ఆస్పత్రిలో ఆయన రెండు గంటలున్నారు. ఆ రెండు గంటలూ నన్ను వేరే మంచం మీద కూర్చోబెట్టి, చేతులూ కాళ్ళూ కదిపించి, కళ్ళలోకి లైటు వేసి చూశారు. "మీకేం కాలేదమ్మా, అదృష్టవంతులు" అంది ఒక నర్సు. ఆమెకు అప్పటికి ఆయన సంగతి తెలియదు. తెలిశాక మళ్ళీ నా మంచం వైపు రాలేదు.

మెడనొప్పి మూడో రోజున మొదలైంది. ఇల్లంతా వచ్చిపోయేవాళ్ళతో నిండి ఉంది. ఏడ్చి ఏడ్చి పట్టేసిందని ఒకరన్నారు. తలగడ లేకుండా నేల మీద పడుకుంది కదా అని ఇంకొకరన్నారు. నిజానికి నేను అప్పటికి ఏడవలేదు, పడుకోనూ లేదు. వారం తిరిగేసరికి నొప్పి తల వెనక నుంచి పైకి పాకి కుడి కంటి మీద కూర్చుంది. చెవిలో సన్నగా ఈల. పుస్తకం పది నిమిషాలు చూస్తే అక్షరాలు ఈదేవి.

నొప్పి తగ్గలేదు. నెల దాటాక బడికి వెళ్ళాను. చెయ్యి పైకెత్తలేక బోర్డు కింది సగంలోనే రాశాను. మెడ ఒక్కటీ తిరగక ఒళ్ళంతా తిప్పి చూస్తుంటే, "టీచర్ ఇటు తిరిగితే బీరువా తలుపు తెరుచుకున్నట్టుంటుంది రా" అని ఆరో తరగతి పిల్లవాడొకడు గొణిగితే విన్నాను. చివరికి హెడ్మాస్టరు గారి పోరు పడలేక ఫిజియో దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మెడ మీద రెండు వేళ్ళు ఉంచి ఒక ప్రశ్న అడిగింది.

"గుద్దినప్పుడు మీ తల ఎటు తిరిగి ఉందండీ?"

"ఎదురుగానే" అన్నాను.

వేళ్ళు మెడ మీద కాసేపు ఆగాయి. మందుల దుకాణం పైన చిన్న గది అది. గోడకు రంగురంగుల రబ్బరు పట్టీలు వేలాడుతున్నాయి. బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ ఒకటి, దాని మెడలో ఎవరో సరదాగా కట్టిన టై.

"ఎదురుగా చూస్తున్నవాళ్ళకి రెండు వైపులా ఒకేలా పట్టేస్తుంది. మీకు ఒక వైపే తాడు పేనినట్టుంది. సరేలెండి, నేనేమైనా పోలీసునా." ఆవిడ నా ముందుకొచ్చి నిలబడి నా మొహం చూసింది. "అది సరే గానీ, ఈ కళ్ళజోడేమిటి, ఒరిగిన పడవలా?"

"వంగింది."

"ఎప్పుడు?"

"అప్పుడే."

"అంటే నెలన్నర నుంచి ఇదే పెట్టుకుంటున్నారా? అందులోంచి తిన్నగా కనపడాలని మీరు తల వంచుతున్నారు. పొద్దున్నించి రాత్రి దాకా వంచే ఉంచుతున్నారు. ఇంక మెడకి విశ్రాంతేదీ? మీ తలనొప్పిలో సగం ఈ ఫ్రేముదే. అది సరిచేయించుకోకుండా నా దగ్గరికొస్తే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే టీచరుగారూ. కళ్ళజోళ్ళ కొట్టులో అయిదు నిమిషాల పని."

మెడకు కట్టుకునే పట్టీ అడిగితే ఇవ్వలేదు. "అది కట్టారంటే మెడ ఉద్యోగం మానేసి పింఛను తీసుకున్నట్టుంటుంది. ఇంక పనిచెయ్యమన్నా చెయ్యదు" అంది. రోజుకు నాలుగుసార్లు కుర్చీలో నిటారుగా కూర్చుని, తలను మెల్లగా కుడివైపు నొప్పి మొదలయ్యేంత వరకు తిప్పి, పది లెక్కపెట్టి వెనక్కి రమ్మంది. రోజూ అదే చోటికి వస్తోందో లేదో తెలియడానికి అక్కడేదైనా గుర్తు పెట్టుకోమంది.

గుర్తుగా ఆయన కుర్చీ పెట్టుకున్నాను.

నా తల ఎంత తిప్పినా ఆ కుర్చీ వరకే తిరుగుతుంది. పక్క సీట్లో మనిషి కూర్చుని ఉంటే ఆ మనిషి మొహం కనిపించేంత వరకు. అక్కడ మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. పది లెక్కపెడతాను. ఖాళీ కుర్చీ వీపు మీద ఆయన తల ఆనిన చోట వార్నీషు పోయి తెల్లబడింది. పది అయ్యాక కూడా కొన్నిసార్లు లెక్క ఆపను.

*

అయిదు నిమిషాల పని నెలన్నర ఎందుకు చేయించుకోలేదో ఫిజియోకు చెప్పలేదు. 

ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. ముందు గదిలో ఆయన, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను దగ్గర మా వదిన, ఆయనకు అక్క. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ కలిసి నడిపారు. నేను పెళ్ళయి వచ్చేటప్పటికే ఆ కొట్టులో నా కుర్చీ ఒకటి సిద్ధంగా ఉంది. బడి అయ్యాక అక్కడ కూర్చుని పేపర్లు దిద్దుకునేదాన్ని. నెల మొదటి తారీఖున ఆయన నా వెనక్కి వచ్చి, అడక్కుండానే కళ్ళజోడు తీసుకుని, కాడల చివరలు వేడి ఇసుకలో ఉంచి మెత్తబరిచి, చెవి వెనక బొటనవేలితో నొక్కి వంపు దిద్దేవారు. "నీ చెవులు అక్కాచెల్లెళ్ళు, కవలలు కావు" అనేవారు. కుడిచెవి రవంత కింద. ఆ రవంతా ఆయన వేలికి తెలుసు. ఆ వంపు ఇప్పటికీ ఈ కాడల్లో ఉంది. సరిచెయ్యాలంటే మళ్ళీ వేడి చెయ్యాలి. వేడి చేస్తే పోతుంది.

తలనొప్పి భరించడమే తేలికనిపించింది. కానీ ఆ సోమవారం మూడో పీరియడులో బోర్డు మీద లెక్క మధ్యలో గది గిర్రున తిరిగి, సుద్దముక్క జారిపోయి, ముందు బెంచీ పట్టుకుని నిలబడ్డాను. నలభై జతల కళ్ళు. ఒక్కరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం సెలవు పెట్టి కొట్టుకు వెళ్ళాను.

"ఏం టీచరమ్మా, ఇన్నాళ్ళకి దారి కనిపించిందా?" వదిన కౌంటరు వెనక, ఆయన స్టూలు మీద కూర్చుని ఉంది. వెనక గది మనిషి ముందు గదిలో ఉంటే దీపం చోటు మారినట్టుంది.

"కనిపించకే వచ్చాను వదినా. కళ్ళజోడు వంకరపోయింది."

"అది ఆదివారం భోజనానికొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. నువ్వే అడుగుతావని ఊరుకున్నా." ఆవిడ నా ముందుకు చెయ్యి చాచింది. "పొద్దున్నుంచి ముగ్గురొచ్చారు. ముగ్గురూ తమ్ముడేడని అడిగినవాళ్ళే. మూడోవాడితో, నాలో లోపమేముందయ్యా, నీ చెవులకి ఆడదాని చేతులు పనికిరావా అన్నాను. పాపం, గుటకలు మింగాడు."

నవ్వాను. నవ్వితే మెడ లాగింది. కళ్ళజోడు తీసి ఇచ్చాను. వెంటనే కొట్టంతా నీళ్ళలో తడిసిన కాగితంలా అయింది. అలమారాలో వరసగా ఉన్న ఫ్రేములు చుక్కలయ్యాయి. వదిన మొహం ఒక గోధుమరంగు ముద్ద, మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"జాతకం చెప్పనా?" అంది.

అది అక్కాతమ్ముళ్ళ ఆట. బాగుచెయ్యమని వదిలివెళ్ళిన కళ్ళజోడు ఒకళ్ళు చేతిలోకి తీసుకుంటే, అది ఎవరిదో చూడకుండా, దాన్నిబట్టే మనిషి సంగతి చెప్పాలి. ఎడమకాడ వదులైతే ఎడమచేత్తో తీసే మనిషి. కాడ చివర పంటిగాట్లుంటే దిగులు మనిషి. ముక్కు దగ్గర బుడిపెలు చెమటకి పచ్చబడితే ఒకచోట కాలు నిలవని మనిషి. ఓడినవాళ్ళు ఆ రోజు కొట్టు ఊడ్చాలి. ఎక్కువసార్లు ఆయనే ఊడ్చేవారు. మనుషుల గురించి మంచిగా ఊహించి ఓడిపోయేవారు.

"చెప్పండి" అన్నాను.

"మనిషి ఆడమనిషి. రాత్రి పడుకుని చదువుతుంది, ఎడమవైపు ఒత్తిగిలి. కాడ మీద ఎర్ర సిరా, అంటే పరుల తప్పులు దిద్దే రకం." నా వైపు తిరిగి నవ్వినట్టుంది. "ఒంటిచేత్తో లాగిపారేస్తుంది. రెండు చేతుల్తో తియ్యవే అని వాడు ఎన్నిసార్లు చెప్పుంటాడు? గోడకి చెప్పినట్టే." 

తర్వాత ఆగింది. 

దీపం కిందికి జరిపిన చప్పుడు. ఫ్రేమును వెలుతుర్లో అటూ ఇటూ తిప్పుతోందని ఆ నీడ కదలికను బట్టి తెలిసింది. ఆట గొంతు పోయి పని గొంతు వచ్చింది.

"ఎదురుగా చూస్తుంటే గుద్దితే, జోడు ముందుకు ఎగిరిపోతుంది. కాడలు రెండూ ఒకేలా విచ్చుకుంటాయి. ఇలాంటివి పది చూశాం మేం. ఇది అలా లేదు. కుడికాడ మడత దగ్గర లోపలికి నొక్కుకుంది, ముక్కు బుడిపె ఎడమకి తోసుకుపోయింది. అంటే కుడి కణత సీటుకి కొట్టుకుంది." ఆవిడ నా చెంప మీద చెయ్యి ఉంచింది. చల్లగా, సన్నటి గాజుపొడితో గరుకుగా ఉంది. ఇరవై రెండేళ్ళ పని ఆ చేతిలో. "నీ మొహం కుడివైపు తిరిగి ఉంది కదే."

కౌంటరు అంచు పట్టుకున్నాను.

"వాడి వైపు" అంది. 

గొంతు వణికింది. నా వదిన గొంతు వణకడం ఇంట్లోంచి పాడె లేచినప్పుడు కూడా వినలేదు.

"వాడి వైపు చూస్తున్నావు నువ్వు. నేను రోజూ ఏమనుకుంటానో తెలుసా? పోయేముందు వాడు ఎటు చూశాడో, ఎవరైనా వాణ్ణి చూశారో లేదో అని. చిన్నప్పుడు చీకట్లో బయటికెళ్ళాలంటే, అక్కా నన్ను చూస్తూ ఉండు అనేవాడు. తోడు రమ్మనేవాడు కాదు, గుమ్మంలోంచి చూస్తూ ఉంటే చాలు వాడికి. ఆ రోజు నువ్వు చూస్తూ ఉన్నావన్నమాట. చూస్తుండగానే పోయాడు. అంతే చాలమ్మా. ఆ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

ఔను అంటే చాలు. ఒక్క మాట. అది అబద్ధమని తెలిసేవాళ్ళు లేరు. ఆ మాట ఆవిడకు ఎంత కావాలో నాకూ అంతే కావాలి. నేను రోజుకు నాలుగుసార్లు కుర్చీలో కూర్చుని చేస్తున్నది అదే. తల తిప్పి, ఆయన మొహం ఉండాల్సిన చోట ఆగి, ఆ రోజు కూడా ఇక్కడే ఆగి ఉంటే అనుకోవడం. ఇప్పుడు నా మెడ తిరిగేది అంతవరకే. ఆ రోజు ఎంతవరకైనా తిరిగేది. అందుకే ఆయన్ని దాటి వెళ్ళిపోయింది.

వదిన కుడికాడను వేడి ఇసుకలోకి గుచ్చింది. ఇసుక జరిగిన సన్నటి చప్పుడు. పదిహేను అంకెలు లెక్కపెట్టి తియ్యాలి. ఆవిడ ఎప్పుడూ బయటికే లెక్కపెడుతుంది. ఒకటి, రెండు, మూడు.

"ఆయన్ని చూడలేదు వదినా" అన్నాను.

లెక్క ఆగింది.

"వెనక సీటు చూస్తున్నాను. నా పేపర్ల కట్ట కోసం. కొట్లోనే కౌంటరు మీద మర్చిపోయాననుకున్నాను. పచ్చలైటు ఉంది, దారి ఖాళీగా ఉంది, బండి మామూలుగా పోతోంది. అయ్యో, ఆపండి అని అరిచి వెనక్కి తిరిగాను. ఆయన ఆపేశారు. ఎందుకని అడగలేదు. ఎప్పుడూ అడగరు కదా."

నా మాటలు నాకే పాఠం అప్పజెప్పినట్టు వినిపించాయి. నెలన్నర లోపల తిరిగి తిరిగి అరిగిపోయిన మాటలు. 

"కట్ట కారులోనే ఉంది. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆయనే తీసుకొచ్చి సీటు కింద పెట్టారు. నలక్కుండా పసుపు గుడ్డ చుట్టారు. అద్దాలు తుడిచే గుడ్డ."

"ఆ గుడ్డ కోసం నెల నుంచి వెతుకుతున్నాను" అంది వదిన.

అంతే అంది. ఆ తర్వాత ఎంతసేపయిందో తెలియదు. బయట ఎవరో షట్టరు దింపుతున్న చప్పుడు వినిపించింది. ముందు నాకు వాసన వచ్చింది, కాలిన దువ్వెన లాంటి వాసన. ఆవిడకు తర్వాత వచ్చింది. చటుక్కున లాగింది. ఇరవై రెండేళ్ళలో వదిన ఇసుకలో ఏ కాడనూ మర్చిపోలేదు. ఆయన మర్చిపోతే, ముద్దపప్పూ అని తిట్టేది.

"ఏదీ" అని చెయ్యి చాచాను.

చేతిలో పెట్టింది. కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. కుడికాడ చివర బుడగలు లేచి, ఎండిన ఆకులా ముడుచుకుపోయింది. బొటనవేలి వంపు లేదు. ఎడమకాడ తడిమాను. ఎడమ చెవి వంపు ఉంది. అక్కాచెల్లెళ్ళలో ఒకతె మిగిలింది.

వదిన క్షమించమనలేదు. నేనూ అనలేదు. ఎవరు ఎవరిని అడగాలో తేలే సంగతి కాదది.

"ఈ మాట ఇంకెవరితో అన్నావు?" అంది చివరికి.

"ఎవరితోనూ అనలేదు."

"పోలీసులకిచ్చిన కాగితంలో?"

ఆ కాగితం నేనే రాశాను. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. మేము ఇంటికి వెళ్తున్నాం. వెనక నుంచి వ్యాను వచ్చి గుద్దింది. మా కారు స్తంభానికి తగిలింది. రాసినవన్నీ నిజాలే. పిల్లలెవరైనా ఇలా మధ్యలో మెట్టు వదిలేసి జవాబు రాస్తే నేను సగం మార్కులు వేస్తాను. పోలీసులు నా మాట నమ్మి పూర్తి మార్కులు వేశారు.

"అందులో లేదు" అన్నాను.

"అయితే అననక్కర్లేదు."

"వదినా, గురువారం విచారణలో నన్ను అడుగుతారు. ముందు బండి ఉన్నట్టుండి ఆగిందని ఆ వ్యాను డ్రైవరు మొదటి నుంచీ అంటున్నాడు. ఎవరూ నమ్మడం లేదు. ఇంక ఈ జన్మలో వాణ్ణి స్టీరింగు పట్టుకోనివ్వరట. నిజం నాకొక్కదానికే తెలుసు."

"వాడి ఊసు నా కొట్లో ఎత్తకు." స్టూలు వెనక్కి జరిగింది. "వెనక వచ్చేవాడు దూరం చూసుకోవాలి. ముందు బండి ఆగనీ, పడుకోనీ, వాడి జాగ్రత్త వాడిది. నువ్వు ఆపమన్నావు, తమ్ముడు ఆపాడు. అది మన ఇంటి మాట. వాడు గుద్దాడు. అది కోర్టు మాట. రెండూ కలపకు."

"కలిసే ఉన్నాయి వదినా."

"కలిసుంటే విడదీయి!" 

తర్వాత గొంతు తగ్గింది. అది తగ్గినందుకే నాకు భయమేసింది. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుంది.

"చూడమ్మా. నిన్ను నేనొక్క మాట అనను. ఇవాళే కాదు, ఎప్పుడూ అనను. ఆదివారం ఎప్పట్లాగే భోజనానికి రా. వాడి కబుర్లు చెప్పుకుందాం. గురువారం మాత్రం కాగితంలో ఉన్నదే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువొద్దు. నాకు కోప్పడ్డానికి ఒక మనిషి కావాలే. ఆ డ్రైవర్ని తీసేస్తే నువ్వే మిగులుతావు. నిన్ను నేను ఏం చేసుకోను?"

ఆయన్ని ఊళ్ళో అందరూ కళ్ళజోళ్ళాయన అంటారు. బడిలో టీచరుగారి భర్త అంటారు, అదీ ఇప్పుడు గొంతు తగ్గించి. ఆయన్ని 'వాడు' అనే మనిషి ఈ లోకంలో వదినొక్కతే. ఆవిడ వాడు అన్నప్పుడల్లా ఆయన పక్కగదిలో ఉన్నట్టుంటుంది, ఇప్పుడే ఏదో కిందపడేసి తిట్లు తినబోతున్నట్టు. ఆదివారాలు నేను భోజనానికి వెళ్ళేది ఆ మాట వినడానికే. 

"వేరే కాడ వేసిస్తాను, రేపు రా" అంది. ఫ్రేము తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి మిషను మోగడం మొదలైంది. ఆ పూట అరగదియ్యాల్సిన అద్దాలేమీ లేవని ఇద్దరికీ తెలుసు.

*

కళ్ళజోడు లేకుండా వీధిలోకి వచ్చాను. ఎండ తగ్గింది. మనుషులు రంగు మరకల్లా పోతున్నారు. మెట్టు ఎత్తు తెలియక గోడ పట్టుకుని ఒక్కొక్కటీ దిగాను. ఇంట్లో బీరువా అడుగున పోలీసులు తిరిగిచ్చిన కట్ట ఉంది, పసుపు గుడ్డతో సహా. ముప్పై ఎనిమిది పేపర్లు. ముడి విప్పలేదు. గుడ్డ తెచ్చి వదినకు ఇచ్చెయ్యాలని, ఇవ్వలేనని, రెండూ ఒకేసారి అనుకుంటూ కొట్టు గోడ వెంట నాలుగడుగులు వేశాను.

"టీచరుగారూ."

పక్కన రోడ్డు వైపు నుంచి. మగగొంతు, మెత్తగా ఉంది.

మెడ తిప్పలేను కాబట్టి ఆగి, పాదాలు కదిపి, ఒళ్ళంతా తిప్పాను. రెండు బారల దూరంలో తెల్లచొక్కా మరక. చేతిలో ఏదో నలుపుతున్నాడు, టోపీ కావచ్చు. దగ్గరికి రాలేదు. ఆ దూరం చూశాక ఎవరో తెలిసింది. వ్యాను డ్రైవరు. ఆస్పత్రి వరండాలో కూడా అంతే దూరంలో నిలబడ్డాడు.

"మాట్లాడొద్దన్నారండీ మా వకీలు. ఇది నాలుగోసారి రావడం. మూడుసార్లూ మీ వదినగారిని చూసి వెనక్కి పోయాను." ఊపిరి తీసుకున్నాడు. "మెడ ఎలా ఉందమ్మా?"

"తిరగడం లేదు" అన్నాను.

"నాకూ పట్టేసిందండీ. అడిగినవాళ్ళు లేరు గానీ." నవ్వబోయి మానేశాడు. "నేను మిమ్మల్నేమీ చెయ్యమని రాలేదు. గురువారం మీరేం చెప్పినా సరే, తల ఒగ్గుతాను. మనిషి పోయాడు, నా బండి వల్లే పోయాడు. అది నాకు తెలుసు. ఒక్కటి అడుగుదామని."

"అడగండి."

"ఆ రోజు మీ కారు ఎందుకాగిందమ్మా? ముందర ఏమీ లేదు. కుక్క లేదు, మనిషి లేదు, పచ్చలైటు వెలుగుతోంది. నేను చూశాను. పోలీసులకి చెప్పాను, కలగన్నావా అన్నారు. మా ఆవిడ కూడా, నిద్రపోయి ఉంటావులే, ఒప్పేసుకో అంటోంది. ఇప్పుడు నాకే నమ్మకం పోతోంది. పడుకుంటే అదే రోడ్డు. రోజూ ముందర ఏముందా అని వెతుకుతున్నాను. మీరు చెబితే వెతకడం మానేస్తాను. కోర్టులో కాదు, ఇక్కడే, నాకొక్కడికే."

నా వెనక కొట్టులో మిషను ఆగిపోయింది. తలుపు గొళ్ళెం తీసిన చప్పుడైంది. గుమ్మంలోంచి వదిన చూస్తోందని తిరగకుండానే తెలిసింది. ఎదురుగా అతను, వెనక ఆవిడ. ఒకరివైపు తిరగాలంటే ఇంకొకరికి వీపు పెట్టాలి. నా మెడతో ఇంక వేరే దారి లేదు.

ఇద్దరి మధ్యా నిలబడ్డాను. కట్ట ముడి విప్పలేదు, కాగితంలో నేనే ఆపమన్నానన్న వాక్యం చేర్చలేదు. అతను అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు.